రోజంతా పనే, అయినా పని తెమలడం లేదు. చిన్న వ్యాపారం నడిపేవాళ్లు టైం ఎలా చూసుకుంటున్నారు?

ప్రశ్న: ప్రూఫ్_కాగితం

అందరికీ నమస్కారం. నాది చిన్న ప్రింటింగ్ యూనిట్. విజిటింగ్ కార్డులు, లెటర్‌హెడ్లు, బిల్ బుక్కులు, కరపత్రాలు, లేబుళ్లు వేస్తాం. మెషీన్ మీద ఇద్దరు, కటింగు, బైండింగు చూసే ఒకాయన, డిజైన్‌కి ఒకమ్మాయి ఉన్నారు. మిగతాదంతా నేనే. ఆర్డర్ తీసుకోవడం, రేటు చెప్పడం, ప్రూఫ్ (అచ్చు వేసేముందు సరిచూసుకునే నమూనా) పంపడం, పేపరు తెప్పించడం, డెలివరీ, బిల్లు, బాకీలు అడగడం అన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి.

పని లేదని కాదు నా బాధ. ఆర్డర్లు బాగానే ఉన్నాయి. కానీ ఒక పని మొదలుపెట్టి అది పూర్తయ్యేదాకా కూర్చోవడం కుదరడం లేదు. రేటు లెక్క వేస్తుంటే మెషీన్ దగ్గర్నుంచి "ఇది ఏ జీఎస్‌ఎం?" అని కేక (జీఎస్‌ఎం అంటే పేపరు చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే లెక్క). చెప్పి వచ్చేసరికి ఫోను. ఫోను పెట్టేయగానే డిజైన్ అమ్మాయి "ఈ రంగు సరిపోతుందా?" అని స్క్రీన్ ఇటు తిప్పుతుంది. పగలంతా ఇలా పోతుంది. నా పని అందరూ ఇళ్లకు వెళ్లాక మొదలవుతుంది. ప్రూఫులు చదవడం, బిల్లులు రాయడం, రేపటి పేపరు లెక్క, అన్నీ రాత్రికే. పడుకునే వేళకి కూడా వాట్సాప్‌లో "రేపు పొద్దున్నే కావాలి, అర్జెంట్" అని వస్తుంది. జవాబివ్వకపోతే ఆ ఆర్డర్ ఇంకొకరి దగ్గరికి పోతుందేమోనని భయం.

అక్షరాలు పేర్చడమంటే ఉన్న ఇష్టంతోనే ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు కొత్త ఆర్డర్ వస్తే సంతోషం వేయడం లేదు, గుండె బరువెక్కుతోంది. మంచి కస్టమర్‌తో కూడా విసుగ్గా మాట్లాడుతున్నాను. సెలవు రోజు ఇంట్లో కూర్చున్నా మనసంతా మెషీన్ దగ్గరే. పిల్లలు ఏదో చెబుతుంటే తలూపుతాను గానీ ఏం విన్నానో గుర్తుండదు.

ఫోన్‌లో పనుల లిస్టు పెట్టి చూశాను. తెల్లవారుజామున లేచి చూశాను. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి కూడా ప్రయత్నించాను. ఆ 25 నిమిషాలు నన్ను ఒంటరిగా ఎవరు వదులుతారు?

రెండు విషయాలు అడుగుతున్నాను. ఇంత తక్కువమందితో నడిపేవాళ్లు టైంని ఎలా పంచుకుంటున్నారు? రాత్రి ఫోను ఆపేస్తే కస్టమర్లు నిజంగా పోతారా?

జవాబు: రాగితీగ

నాది మోటార్ వైండింగ్ వర్క్‌షాప్. మీలాగే కొద్దిమంది మనుషులు, ఎప్పుడూ అర్జెంటే. పంపు మోటార్ ఆగిపోయిన మనిషి రేపటిదాకా ఆగనంటాడు. కాబట్టి మీ పరిస్థితి నాకు బాగా అర్థమవుతోంది.

మీరు రాసింది చదివాక నాకు అనిపించింది ఒకటే. మీకు తక్కువైంది టైం కాదు. మీ యూనిట్‌లో ప్రతి చిన్న నిర్ణయమూ మీ దగ్గరికి వచ్చి ఆగుతోంది. తెల్లవారుజామున లేచినా ఇది తీరదు. మీకు ఇంకో రెండు గంటలు ఎక్కువ దొరికితే ఆ రెండు గంటల్లోనూ మిమ్మల్నే అడుగుతారు.

క్యూల గురించి గణితంలో ఒక లెక్క ఉంది. జవాబిచ్చే మనిషి ఒక్కడే, అడిగేవాళ్లు ఎప్పుడు వస్తారో తెలియదు, ఒక్కో పని ఎంతసేపు పడుతుందో కూడా ముందే చెప్పలేం అనుకోండి. ఆ మనిషి టైంలో 80 శాతం నిండి ఉంటే, వచ్చినవాడు సగటున ఒక పనికి పట్టే టైంకి నాలుగు రెట్లు ఆగాలి. 90 శాతం నిండితే తొమ్మిది రెట్లు. 95 శాతానికి పందొమ్మిది రెట్లు. అంటే మీ దగ్గర ఒక విషయం తేలడానికి పది నిమిషాలు పడుతుందనుకుంటే, 80 శాతం దగ్గర 40 నిమిషాలు ఆగేవాడు 95 శాతం దగ్గర మూడు గంటల పైన ఆగుతాడు. మీరు బద్ధకించింది లేదు, నెమ్మదించింది లేదు. ఖాళీ పోయింది, అంతే. రోజంతా పరిగెత్తుతున్నా "ఇంకా అవలేదా?" అనే మాటే వినబడడానికి కారణం ఇదే. అవతల ఆగినవాడు ఊరుకోడు, మళ్లీ ఫోన్ చేస్తాడు. ఆ ఫోను ఇంకో పని.

అందుకని ముందు చేయాల్సింది మీ దగ్గరికి వచ్చే ప్రశ్నలను తగ్గించడం. ఒక చిన్న నోటు పుస్తకం పక్కన పెట్టుకోండి. ఎవరు ఏం అడిగినా ఒక ముక్కలో రాయండి, జవాబు చెప్పండి, అంతే. వారం గడిచాక తిరగేస్తే సగానికి సగం ఒకే రకం ప్రశ్నలని మీకే తెలుస్తుంది. మా దగ్గర "ఎన్ని చుట్లు, ఏ గేజ్ తీగ?" అనేదే రోజూ అడిగేవారు. ఇప్పుడు మోటార్ విప్పగానే పాత వైండింగ్ లెక్కలు, నేమ్‌ప్లేట్ వివరాలు ఒక కార్డు మీద రాసి మోటార్‌కే కట్టేస్తాం. ఆ కార్డు ఉంటే నన్ను అడగాల్సిన పనిలేదు.

మీకైతే ప్రతి ఆర్డర్‌కీ ఒక జాబ్ కార్డు ఉండాలి. సైజు, పేపరు జీఎస్‌ఎం, ఎన్ని రంగులు, లామినేషన్ ఉందా లేదా, ఎన్ని కాపీలు, ఏ తేదీకి, ప్రూఫ్ ఎవరు ఓకే చేశారు. ఇవి నిండకుండా ఫైలు మెషీన్ దగ్గరికి పోకూడదు. మీకు తెలిసిన విషయం మీ తలలోంచి కార్డు మీదకి రావాలి. తలలో ఉన్నంతకాలం మిమ్మల్ని అడగక వాళ్లేం చేస్తారు? రేట్లకు కూడా ఇదే మాట. మామూలు విజిటింగ్ కార్డులకీ బిల్ బుక్కులకీ ఒక రేటు పట్టీ రాసి పెడితే ఫోన్ ఎత్తినవాళ్లే చెప్పేస్తారు. పట్టీలో లేనిది మాత్రమే మీదాకా రావాలి.

కార్డుతో తీరనివి కొన్ని ఉంటాయి. రంగు సరిపోతుందా అని మీ డిజైన్ అమ్మాయి అడిగేది అలాంటిది. అక్కడ జవాబు చెప్పకండి. "నువ్వైతే ఏది పెడతావు, ఎందుకు?" అని అడగండి. చాలాసార్లు ఆ అమ్మాయి చెప్పేదే సరైనదై ఉంటుంది. కొన్నాళ్లకి ఎక్కడిదాకా తనంతట తాను తేల్చుకోవచ్చో హద్దు గీసి చెప్పండి. రంగు, అక్షరం సైజు, ఖాళీలు తన ఇష్టం. లోగో మార్చాలన్నా, కస్టమర్ ఇచ్చిన మాట మార్చాలన్నా మిమ్మల్ని అడగాలి. హద్దు తెలియని మనిషి ప్రతిదీ అడుగుతాడు, లేకపోతే ఏదీ అడగడు. రెండూ మనకి కష్టమే.

ఇంక ఆ మధ్యమధ్యలో ఆపడం గురించి. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలు చేసి చూపించారు. రేటు లెక్క మధ్యలో లేచి వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావడం మీ తెలివి తగ్గడం కాదు. 25 నిమిషాల పద్ధతి మీకు కుదరకపోవడం కూడా అంతే. అది తన టైం తన చేతిలో ఉన్న మనిషికి బాగుంటుంది.

మీలాంటి చోట పనికొచ్చేది అడిగే టైం పెట్టడం. మా దగ్గర షాపు తెరవగానే అందరం నిలబడి ఆ రోజు పనులు మాట్లాడుకుంటాం. తర్వాత నేను ఎస్టిమేట్ల దగ్గర కూర్చుంటాను. అప్పుడు ఫోను ఇంకొకరి చేతిలో ఉంటుంది. పొగ వస్తే, కరెంటు షాక్ కొడితే, పార్టీ డబ్బు పట్టుకుని వచ్చి నిలబడితే తప్ప నన్ను లేపరు. మిగతావి రాసి పెడతారు, నేను లేచాక ఒక్కసారే తేల్చేస్తాను. మీరు పొద్దున గంటన్నర దొరికించుకోగలిగినా చాలు, రాత్రి చేసే పనిలో పెద్ద భాగం అక్కడే అయిపోతుంది.

ముఖ్యంగా ప్రూఫ్ చదవడం రాత్రికి వదలకండి. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, 17 గంటలు వరసగా మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరు స్థాయికి పడిపోతుంది. పొద్దున ఆరింటికి లేస్తే రాత్రి పదకొండింటికి మీరు ఆ స్థితిలో ఉంటారు. ఫోన్ నంబర్‌లో ఒక అంకె తప్పుపోతే వేసిన కార్డులన్నీ చెత్తబుట్టకే. ఆ నష్టం ముందు రాత్రి మిగిల్చుకున్న టైం ఎంత?

గంటలు పెంచితే పని పెరుగుతుందనే నమ్మకం మనందరికీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన వాళ్ల లెక్కలను జాన్ పెన్‌కావెల్ అనే ఆర్థికవేత్త తీసి చూశారు, 2014లో ప్రచురించారు. వారానికి సుమారు 50 గంటలు దాటాక ఒక్కో అదనపు గంటకు వచ్చే పని తగ్గుతూ పోయింది. 70 గంటలు చేసినా, 56 గంటలు చేసిన దానికంటే పెద్దగా ఎక్కువ తయారవలేదు. అంటే ఆ చివరి 14 గంటలు దాదాపు వృథా. వాళ్లది చేతిపని. మీది తప్పు దొర్లకుండా చూసే పని, ఇంకా తొందరగా దెబ్బతింటుంది.

శరీరం మీద పడేది కూడా చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అంచనాల ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు లేదా అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీకు పిల్లలున్నారని రాశారు కాబట్టే చెబుతున్నాను.

మోటార్ ఇన్సులేషన్‌కి, అంటే తీగల మీది రక్షణ పొరకి, మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. ఉండాల్సిన వేడి కంటే పది డిగ్రీలు ఎక్కువగా నడిస్తే దాని ఆయుష్షు సగమవుతుంది. అలా నడిచే మోటార్ ఆ రోజు చక్కగానే తిరుగుతుంది. శబ్దం రాదు, ఆగదు. లోపల మాత్రం ఇన్సులేషన్ పెళుసెక్కిపోతూ ఉంటుంది. మనుషులు కూడా అలాగే నడుస్తారు. ఆర్డర్లు డెలివరీ అవుతున్నాయి కాబట్టి బాగానే ఉన్నామనుకుంటారు. మంచి కస్టమర్ మీద విసుక్కున్నానని మీరు రాశారే, ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి.

సెలవు రోజున మనసు మెషీన్ దగ్గరే ఉంటోందని అన్నారు. దానికి ఒక చిన్న పని పనిచేస్తుంది. షాపు కట్టేముందు మిగిలిన పనులన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఎప్పుడు, ఎలా మొదలుపెడతారో కూడా రాయండి. "బాకీలు" అని రాస్తే చాలదు. "మంగళవారం పొద్దున, ముందు పాత రెండు బిల్లులు, ఫోన్ చేయాలి" అని రాయాలి. పూర్తికాని పని మనసుని లాగుతూనే ఉంటుంది గానీ, దానికి ఖచ్చితమైన ప్లాను వేసుకుంటే ఆ లాగడం తగ్గుతుందని మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు 2011లో ప్రయోగాలతో చూపించారు. పని పూర్తికానక్కర్లేదు, ప్లాను ఉంటే చాలు. నా అనుభవమూ అదే.

రాత్రి ఫోను సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లని చెప్పనిస్తాను.

జవాబు: కాజాలు_గుండీలు

నేను యూనిఫాంలు కుట్టే యూనిట్ నడుపుతున్నాను. రాగితీగ గారు చెప్పిన జాబ్ కార్డు మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. అంతా మనుషులకి నేర్పించి అప్పజెప్పమంటారు. నేర్చుకున్న మనిషి వెళ్లిపోతే? మా దగ్గర కటింగ్ మాస్టర్ వెళ్లిపోతే కత్తెర పట్టేది నేనే. చిన్న యూనిట్లలో ఇది రోజూ ఉండే భయం. అందుకే ప్రింటింగ్ గారికి నేను చెప్పేది వేరు. పని పంచడం కంటే ముందు పని ఎంచుకోండి.

ఒక కాగితం తీసుకుని మీ కస్టమర్ల పేర్లు వరసగా రాయండి. ఒక్కొక్కరి పక్కన వాళ్ల వల్ల వచ్చే డబ్బు కాదు, వాళ్లు తినే టైం రాయండి. ఎన్నిసార్లు కరెక్షన్ చెబుతారు, ఎన్నిసార్లు ఫోన్ చేస్తారు, డబ్బుకి ఎన్నిసార్లు తిప్పుతారు. ఆ తర్వాత డబ్బు రాయండి. రెండు పక్కపక్కన పెడితే మీకు అలసట ఎక్కణ్నుంచి వస్తోందో తెలిసిపోతుంది. చాలామంది మీ జోలికే రారు. నలుగురైదుగురు మాత్రం మీ సాయంత్రాలన్నీ పట్టుకుపోతుంటారు. వాళ్లిచ్చే డబ్బు కూడా అందరికంటే ఎక్కువేం ఉండదు.

వాళ్లతో పోట్లాడక్కర్లేదు. పద్ధతి మార్చాలి. కొలతలు ఓకే చేసి శాంపిల్ పీస్ మీద సంతకం పెట్టాక మార్పు అడిగితే దానికి విడిగా డబ్బు అని నేను ఆర్డర్ కాగితం మీదే రాస్తాను. మీకు ప్రూఫ్ అలాంటిది. రెండు కరెక్షన్ల వరకు ఉచితం, మూడో దానికి చార్జీ అని ముందే రాసి ఇవ్వండి. అడ్వాన్స్ లేనిదే మెషీన్ ఎక్కదని చెప్పండి. అర్జెంట్‌కి ఎక్కువ రేటు పెట్టండి. ఈ అర్జెంట్ రేటు చెప్పగానే "సరే, ఎల్లుండికైనా ఫర్వాలేదు" అనేవాళ్లే ఎక్కువ. నిజంగా అర్జెంట్ ఉన్నవాళ్లు డబ్బిచ్చి తీసుకుంటారు. వాళ్ల కోసం రాత్రి కూర్చున్నా మనకి మనసు కష్టపడదు.

తేదీ ఇచ్చేటప్పుడు మనందరం తక్కువే చెబుతాం. పని ఎంతసేపు పడుతుందో మనుషులు ఎప్పుడూ తక్కువగా ఊహిస్తారని కానమన్, ట్వెర్స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లోనే రాశారట, మా అబ్బాయి చదివి చెప్పాడు. దానికి మందు కూడా వాళ్లే చెప్పారు. ఈ పని ఎంతసేపు పడుతుందని ఊహించకండి, ఇలాంటివి ఇదివరకు ఎంతసేపు పట్టాయో చూడండి. నేను పాత ఆర్డర్ పుస్తకం తెరిచి, నిజంగా ఏ రోజు డెలివరీ అయిందో చూసి, దాన్ని బట్టే తేదీ ఇస్తాను. పైన ఒక రోజు కలుపుతాను. సూది విరుగుతుంది, మనిషికి జ్వరం వస్తుంది, కరెంటు పోతుంది. వాటికీ ఒక రోజు ఉండాలి కదా.

ఇంకొక్క మాట. మీ జీతం మీరు తీసుకుంటున్నారా? వ్యాపారంలో మిగిలిందే నాది అనుకునేవాళ్లకి ఏ ఆర్డర్‌నీ వద్దనే ధైర్యం రాదు, ఎందుకంటే ప్రతి ఆర్డరూ ఇంటి ఖర్చులాగే కనబడుతుంది. చిన్న మొత్తమైనా ప్రతి నెలా ఒకే తేదీన మీకోసం తీసి పక్కన పెట్టండి. మీరు చేసే పనికి జీతం ఉందని లెక్కల్లో కనబడితేనే, ఏ రేటుకి పనిచేస్తే నష్టమో తెలుస్తుంది. రాత్రి మెసేజీలకి భయపడడం సగం ఇక్కడే మొదలవుతుంది.

జవాబు: వినే_మనిషి

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. వ్యాపారం గురించి పై ఇద్దరికీ తెలిసినంత నాకు తెలియదు. మీరు రాసిన లక్షణాల గురించే మాట్లాడతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ పదకొండో సంచికలో బర్నౌట్‌ని పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది, జబ్బుగా కాదు. అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి మూడు గుర్తులు చెబుతారు. ఒంట్లో శక్తంతా అయిపోయినట్టు ఉండడం, పని మీద దూరం, విసుగు, చేదు పెరగడం, నేను ఏదీ సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం. మీ ఉత్తరంలో మొదటి రెండూ స్పష్టంగా ఉన్నాయి. మూడోదాని ఛాయ కూడా ఉంది.

ఈ విషయం మీద ఎక్కువ కృషి చేసిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ ఇది మనిషి బలహీనత కాదంటారు. మనిషికీ పనికీ ఆరు చోట్ల పొత్తు కుదరకపోతే ఇది వస్తుందంటారు: పని భారం, పని మీద పట్టు, దక్కే ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధం, న్యాయం, విలువలు. మీరు పని భారం ఒక్కటే చూస్తున్నారు. నాకు మాత్రం మీకు పట్టు పోయినట్టు కనబడుతోంది. మీ వ్యాపారమే అయినా మీ రోజు మీ చేతిలో లేదు. ఇంకొకటి, తోటివాళ్లు. జీతానికి పనిచేసేవాళ్లకి పక్క సీటు మనిషి ఉంటాడు, కష్టం చెప్పుకుంటాడు. యజమానికి ఆ మనిషి ఉండడు. పనివాళ్లకి చెప్పలేరు, ఇంట్లో భయపడతారని అక్కడా చెప్పరు. మీ పనిలోనే ఉన్న ఒకరిద్దరితో నెలకోసారైనా కూర్చుని మాట్లాడండి. పోటీదారులే అయినా ఫర్వాలేదు.

విశ్రాంతి విషయంలో సబీన్ సొనెన్‌టాగ్ అనే మనస్తత్వవేత్త పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది ఒకటుంది. పని ఆపడం వేరు, పని నుంచి మనసు విడివడడం వేరు. రెండోది జరిగితేనే అలసట తీరుతుంది. సోఫాలో పడుకుని వాట్సాప్ చూస్తుంటే అది విశ్రాంతి కాదు. మనసుని పూర్తిగా పట్టుకునే వేరే పని ఏదైనా మంచిదే, అందులో కష్టం ఉన్నా సరే. ఈత, వాద్యం నేర్చుకోవడం, మొక్కలు. మీకు అక్షరాలంటే ఇష్టమన్నారు. ఏ కస్టమర్ కోసమూ కాకుండా మీకోసం ఒక పేజీ అక్షరాలు రాసుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పని దగ్గరే ఇలా ఉండి, పని లేనప్పుడు కాస్త తేలిక పడుతుంటే అది బర్నౌట్ కావచ్చు. అలా కాకుండా రెండు వారాలకు పైగా రోజూ, దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, ఇష్టమైనవేవీ ఇష్టంగా లేకపోయినా, నిద్ర, ఆకలి మారిపోయినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి డాక్టర్ కావాలి, టైం టేబుల్ కాదు. బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా అదే రోజు ఎవరికైనా చెప్పండి, ఆస్పత్రికి వెళ్లండి. అలాగే రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా ఉండడం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి. ఒకసారి రక్త పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న అడిగినవారు: ప్రూఫ్_కాగితం

ఇంత టైం తీసుకుని రాసిన మీ ముగ్గురికీ నా కృతజ్ఞతలు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నా టైం కాదు, నా పట్టు పోయిందన్న మాట నాకు బాగా తగిలింది. జాబ్ కార్డు నమూనా ఈ పొద్దున డిజైన్ అమ్మాయితో కలిసి గీశాను. "ప్రూఫ్ ఓకే చేసినవారి సంతకం" అనే గడి తనే పెట్టమంది. రక్త పరీక్షకి కూడా వెళ్తాను.

రాగితీగ గారూ, అప్పజెప్పిన మనిషి వెళ్లిపోతే ఎలా అన్న కాజాలు_గుండీలు అక్క మాట నన్నూ పట్టుకుంది. దానికి ఏం చేస్తారు? అక్కా, రాత్రి మెసేజీల విషయం కస్టమర్లకి ఏమని చెప్పాలి? పాతవాళ్లకి కోపం రాకుండా?

జవాబు: రాగితీగ

మనుషులు వెళ్తారు. వెళ్లకుండా ఆపలేం, ఆపకూడదు కూడా. వాళ్లకీ ఎదగాలని ఉంటుంది. అందుకే నేను మనిషికి నేర్పడం కంటే కార్డుకి నేర్పడం గురించి ఎక్కువ చెప్పాను. కార్డులో ఉన్నది మనిషితో పోదు. ఇంకొకటి, ఒక పని ఒక్కరికే తెలిసి ఉండకుండా చూసుకోండి. మా దగ్గర వార్నిష్ పెట్టేవాడు నెలలో కొన్నిరోజులు మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పట్టి టెస్టింగ్ కూడా చేస్తాడు. ఆ రోజుల్లో పని కొంచెం నెమ్మదిస్తుంది. అయినా చేయిస్తాను. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు నిలబడతారు, వాళ్లకి కూడా విసుగు రాదు. మీ కటింగు ఆయనకి సెలవు కావాల్సి వస్తే ఎవరు చేస్తారో ఇప్పుడే చూసుకోండి. ఆ జవాబు "నేనే" అయితే, ముందు నేర్పించాల్సిన పని అదే.

అన్నీ ఒకేసారి మార్చకండి. జాబ్ కార్డు కుదురుకున్నాక పొద్దున కూర్చునే టైం, అది కుదిరాక రేటు పట్టీ. మీరు అలసి ఉన్నారు, అలసిన మనిషి మీద కొత్త పద్ధతులు కూడా బరువే.

జవాబు: కాజాలు_గుండీలు

రాగితీగ గారూ, కార్డుకి నేర్పడం అనే మాట ఒప్పుకున్నాను.

ప్రింటింగ్ గారూ, మెసేజ్ ఇలా పెట్టుకోండి: "మీ మెసేజ్ అందింది. మా పని వేళలు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు వరకు. రేపు పది గంటల లోపు మీకు జవాబిస్తాం. సైజు, కాపీలు, ఏ తేదీకి కావాలో రాసి పంపితే పని తొందరగా అవుతుంది." వాట్సాప్ బిజినెస్‌లో పని వేళలు పెట్టుకుని, ఆ వేళల తర్వాత ఇది దానంతటదే వెళ్లేట్టు చేయొచ్చు. మనుషులకి కావాల్సింది ఆ రాత్రే పని కాదు, వాళ్ల మాట మనకి అందిందన్న నమ్మకం. కానీ పదింటి లోపు అన్నారంటే పదింటి లోపే ఇవ్వాలి. మొదటి వారం అది తప్పితే ఆ మెసేజ్‌ని మళ్లీ ఎవరూ నమ్మరు.

వ్యాపారం నంబరు, ఇంటి నంబరు వేరు చేయండి. షాపు ఫోను షాపులోనే చార్జింగ్ పెట్టి వెళ్లండి. పాత కస్టమర్లకి మాత్రం ఈ మెసేజ్ తగిలించేముందు మీరే ఫోన్ చేసి చెప్పండి. పెద్దగా వివరించి ఒప్పించే పని కాదు ఇది. "నేను రాత్రి ప్రూఫ్ చూస్తే తప్పులు దొర్లుతున్నాయి, మీ పని పొద్దున తాజాగా చూస్తాను" అంటే చాలు. ఒకరిద్దరు సణుగుతారు. నా దగ్గర సణిగినవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ నాకే ఇస్తున్నారు. ఆ ఫోన్లు ఈ వారంలోనే చేసేయండి, పెద్ద ఆర్డర్ల హడావిడి మొదలవకముందే.